ఆవు ఋణము

వాన తప్పిన యేట కాపుబిడ్డ ఇల్లు విడిచిపోవుట మన పాలమూరు, నల్లగొండ మెట్టసీమలకు క్రొత్తగాదు. అట్లు పోయిన యొక కొరియా రైతుబిడ్డ చరిత్రము మనకు స్మరణీయము.

చుంగ్ జు-యుంగ్ 1915లో, నేటి ఉత్తర కొరియాలోని అసాన్ గ్రామమున జన్మించెను. తండ్రి యావునమ్మిన సొమ్ము దొంగిలించి సియోలునకు పాఱిపోయెను. తండ్రి వెదకి తెచ్చినను మరల పోయెను. బియ్యపుటంగడిలో కొలువుచేసి, 1940లో మోటారుబండ్లు బాగుచేయు కార్ఖానా నడిపెను. 1947లో హ్యుందాయి నిర్మాణసంస్థను, 1967లో మోటారు సంస్థను స్థాపించెను. 1998లో హ్యుందాయి వశమైన కియా సంస్థ, 2019లో మన తెలుగునాటనే, పెనుకొండ చెంత, కార్లు చేయ మొదలిడెను.

ఆ 1998లోనే యా వృద్ధుడు 1001 పశువులను ఉత్తర కొరియాకు పంపి, తండ్రి ఋణమును వడ్డీతో తీర్చెను. కాని 1987లో ఉల్సానునందలి యాతని కార్మికులు సంఘమునకును కూలికిని సమ్మెకట్టవలసివచ్చెను. ఆవు ఋణమును తానై తలచినవానికి, కూలివాని చేతుల ఋణమును ఇతరులు తలపింపవలసివచ్చినది!

చదువరులారా, పాలమూరు కూలీలు కట్టిన యానకట్టలు దేశమంతట కలవు. ఆ ఋణమున వడ్డీ మాట యటుండ, అసలైనను చెల్లినదా?