గుండె శస్త్రచికిత్సానంతర సంధి – ఔషధాల పాత్ర: ఉట్నూరు నేపథ్యంలో చారిత్రక పరిశీలన

జ్వరతీవ్రతలో రోగి పొంతనలేని మాటలాడితే ‘సంధి పుట్టింది’ అనడం తెలుగువారి వాడుక. ఆధునిక వైద్యం డెలీరియం అని వ్యవహరించే ఈ స్థితి గుండె శస్త్రచికిత్స జరిగిన తొలి రోజుల్లో తరచుగా కనిపిస్తుంది. ధ్యాస నిలవదు, స్థలకాలాల ఎరుక తప్పుతుంది, తీవ్రత పూటపూటకూ మారుతుంది. ఇందులో మందుల వాటా ఎంత అన్నదే ఇక్కడి ప్రశ్న.

1953లో గిబ్బన్ హృదయ-శ్వాసకోశ యంత్రంతో తొలి విజయం సాధించాడు. దశాబ్దం తిరిగేసరికి, 1964లో, బ్లాక్లీ, స్టార్ అనే వైద్యులు ఈ సంధికి ప్రత్యేక నామం పెట్టారు. మరుసటి ఏడాది కోర్న్‌ఫెల్డ్ బృందం నిద్రలేమినీ, ఐసీయూ వాతావరణాన్నీ వేలెత్తి చూపింది. అప్పటికి మందులు ప్రధాన ముద్దాయి కాలేదు.

మలుపు 1981లో వచ్చింది. గుండె శస్త్రచికిత్స జరిగినవారి రక్తంలో ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డగించే మందుల పాలు ఎక్కువైనప్పుడు సంధి కనిపిస్తున్నదని ట్యూన్ బృందం ‘లాన్సెట్’లో ప్రకటించింది. ఇది మనకు అపరిచితమైన విషయం కాదు. ఉమ్మెత్త గింజలు తిన్నవారికి కలిగే మతిభ్రమకు కారణం కూడా ఆ కోవకే చెందిన అట్రోపిన్, స్కోపొలమిన్‌లే. శస్త్రచికిత్సకు ముందు స్కోపొలమిన్ ఇంజెక్షన్ ఇవ్వడం ఒకప్పుడు సాధారణ ఆచారం.

తరువాత అనుమానం మిడజోలం వంటి బెంజోడయజెపిన్ల మీదికి మళ్లింది. 2009లో మాల్డొనాడో బృందం కవాట శస్త్రచికిత్స రోగులపై చేసిన చిన్న అధ్యయనంలో డెక్స్‌మెడెటొమిడిన్ పొందినవారిలో సంధి 3 శాతం, మిడజోలం పొందినవారిలో 50 శాతం. ఇంతటి అంతరం నమ్మశక్యమా? 2020లో వెలువడిన ‘డెకేడ్’ పరీక్షలో డెక్స్‌మెడెటొమిడిన్ సంధిని తగ్గించలేదు. 2025లో వచ్చిన ‘బి-ఫ్రీ’ పరీక్ష 19,768 మందిని పరిశీలించింది. మత్తులో బెంజోడయజెపిన్లను పరిమితం చేసినప్పుడు సంధి 14.0 శాతం, చేయనప్పుడు 14.9 శాతం. ఆ తేడాకు గణాంక ప్రాధాన్యం లేదు. కాబట్టి ఈ మందులను నిర్దోషులనలేము గాని, నేరమంతా వాటిదేనన్న వాదన మాత్రం నిలవదు. పైగా, నిత్యం ఇప్పసారా గాని మరో మద్యం గాని తాగే మనిషి శస్త్రచికిత్స కోసం హఠాత్తుగా మానితే వచ్చే సంధికి బెంజోడయజెపినే చికిత్స.

ఇక్కడే ఉట్నూరు ప్రస్తావన అవసరమవుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు గుండె శస్త్రచికిత్సను అందుబాటులోకి తెచ్చింది. ఉట్నూరు ఏజెన్సీలోని గోండు, కొలాం రోగి అందుకోసం హైదరాబాదు వంటి నగరానికి పోవాలి. మందు ప్రభావాన్ని లెక్కించాలంటే ముందు సంధిని గుర్తించాలి కదా. 2001 నుంచి వ్యాప్తిలోకి వచ్చిన ‘కామ్-ఐసీయూ’ పరీక్షలో నర్సు ఇంగ్లీషు అక్షరాలు చదువుతుంది, ‘ఎ’ వినబడినప్పుడల్లా రోగి చేయి నొక్కాలి. గోండీ తప్ప మరో భాష పెద్దగా రాని వృద్ధురాలు నొక్కకపోతే అది సంధా, భాష తెలియకా? సంధిలో గోలచేసే రకమే కాదు, మౌనంగా పడివుండే రకమూ ఉంది. ఆ మౌనాన్ని బిడియమనుకుంటే రోగం దాటిపోతుంది. భాష అందని కంగారును సంధిగా భావిస్తే అనవసరమైన మత్తుమందు పడుతుంది.

1943లో మర్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం గోండు పిల్లలకు గోండీలోనే చదువు చెప్పాలని సంకల్పించింది. బడికి అప్పుడే అర్థమైన ఆ అవసరం ఐసీయూలో ఇంకా ప్రశ్నగానే ఉంది. రోగిని గోండీలో పలకరించగల బంధువు సందర్శన వేళ ముగియగానే తలుపు బయట కూర్చుంటాడు.