ఎండ వేళ, ఉక్క వేళ: మఫ్రఖ్ ముప్పు అంచనాలో ప్రాంతీయ నమూనాల పాత్ర

రెంటచింతల ఎండకూ మచిలీపట్నం ఉక్కకూ ఉన్న తేడా తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పొడి ఎండలో మట్టికుండ చెమర్చి నీళ్లు చల్లబడతాయి. గాలిలో తేమ నిండిన రోజున అదే కుండలో నీళ్లు చల్లబడవు. ఒళ్లూ అంతే, చెమట ఆరితేనే చల్లబడుతుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచే తడి ఉష్ణోగ్రత ఈ సంగతిని అంకెలో పెడుతుంది. అబుదాబీ నగరానికి ఆవల, ముసఫ్ఫా పారిశ్రామికవాడ దగ్గర, కార్మికుల వసతి గృహాలున్న మఫ్రఖ్‌లో వాతావరణ ముప్పును ఈ అంకెతోనే, అదీ రాత్రింబవళ్లు గంటగంటకూ, లెక్కగట్టాలన్నది ఈ వ్యాసం వాదన. మఫ్రఖ్ అంటే అరబ్బీలో కూడలి. వాతావరణానికీ అది కూడలే: ఒక పక్క గల్ఫ్ సముద్రం, మరో పక్క ఎడారి.

భూమిని గడులుగా విడగొట్టి వాతావరణాన్ని లెక్కగట్టే ప్రపంచ నమూనాల్లో ఒక్కో గడి సుమారు వంద కిలోమీటర్లుంటుంది. అంత పెద్ద గడిలో తీరం, దీవులు, ఇసుక కలిసిపోయి ఒకే సగటు మిగులుతుంది. సముద్రపు గాలి లోపలికి మోసుకొచ్చే తేమ అందులో సరిగా కనబడదు. ప్రాంతీయ నమూనా తన సరిహద్దుల దగ్గర ప్రపంచ నమూనా ఫలితాలను తీసుకుని, లోపల చిన్న గడుల్లో మళ్లీ లెక్కిస్తుంది. జెరెమీ పాల్, ఎల్ఫాతిహ్ ఎల్తాహిర్ 2015లో వెలువరించిన అధ్యయనంలో గడి 25 కిలోమీటర్లు. ఉద్గారాలు అదుపు లేకుండా పెరిగితే శతాబ్ది చివరికి అబుదాబీ, దుబాయ్, దోహా నగరాల్లో తడి ఉష్ణోగ్రత కొన్నిసార్లు 35 డిగ్రీలు దాటుతుందని అది తేల్చింది. ఆ వేడిలో ఆరోగ్యవంతుడు నీడన కూర్చున్నా గంటల తరబడి తట్టుకోలేడు. ఉద్గారాలను తగ్గించుకుంటే ఆ గీత దాటదని కూడా అదే అధ్యయనం చూపింది. అయితే 35 అనేది కార్మికుడి గీత కాదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఆరోగ్యవంతులైన యువకులపై జరిపిన ప్రయోగాలు, తేమ ఎక్కువైతే తడి ఉష్ణోగ్రత 31 డిగ్రీల దగ్గరే శరీర వేడి అదుపు తప్పుతుందని 2022లో చూపాయి. అదీ తేలికపాటి పనుల్లో. ఇనుప చువ్వలు మోసేవాడి హద్దు ఇంకా కిందే ఉంటుంది.

నమూనాలనే నమ్మలేమని ఆక్షేపణ ఉంది, అది తోసిపుచ్చదగ్గది కాదు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ పరిధిలోని ఖతమ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో రికార్డులు మొదలయ్యాక యూఏఈలో అంత వాన లేదు. ఆ కుంభవృష్టిలో వాతావరణ మార్పు వాటా ఎంతో నమూనాలతో నిర్ధారించడం పరిశోధకులకు సాధ్యం కాలేదు. ఎడారిలో అరుదుగా కురిసే వానకు పోల్చుకునే దాఖలాలు తక్కువ, మేఘాల కదలికలు గడులకు అందనంత చిన్నవి. వేడి సంగతి వేరు. గాలి వేడెక్కే కొద్దీ మోయగల తేమ పెరగడం భౌతిక సూత్రం, లోతు తక్కువైన గల్ఫ్ జలాలు వేసవిలో ఇట్టే కాగిపోవడం కొలిచి చూసిన సత్యం. వాన విషయంలో తడబడ్డ నమూనాను ఉక్క విషయంలోనూ పక్కన పెట్టడం తర్కం కాదు. ఒక్క గడి అంకెను మఫ్రఖ్ వీధికి నేరుగా అంటగట్టకూడదన్నది మాత్రం నిజం. అక్కడి కొలతలతో సరిచూడాలి.

ఇక పని వేళల సంగతి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని ఆపేస్తారు. ఎంతో మేలు చేసిన నియమం ఇది. కానీ అది ఎండను చూసి పెట్టిన వేళ. తేమ చీకటి పడ్డాక పెరుగుతుంది, రాత్రి షిఫ్టుకు ఆ రక్షణ లేదు. విరామాన్ని గడియారానికి కాక కొలతకు ముడిపెట్టడం సాధ్యమే. ఎండ, తేమ, గాలి కలిపి లెక్కించే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని ఖతార్ 2021లోనే నిబంధన తెచ్చింది.