భారతీయ వృత్తము - ఖిబ్లా దిశ

చింతలపూడి పరిసరాలలో ఖిబ్లా ఎటని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు "పడమర" అనే. లెక్క వేసి చూస్తే మక్కా దిశ ఇక్కడినుండి సరిగ్గా పడమర కాదు, పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నది. ఈ మాట విని పాత మసీదులలో చదివిన నమాజుల గురించి ఎవరూ కలత చెందనక్కరలేదు. దూరదేశవాసికి కాబా కట్టడమే సూటిగా ఎదుట ఉండనవసరం లేదనీ, ఆ దిక్కు చాలుననీ, ఇరువైపులా 45 డిగ్రీల లోపు తేడా నమాజును చెరపదనీ హనఫీ ధర్మవేత్తలు నిర్ణయించారు. అయితే ధర్మశాస్త్రం ఇచ్చిన ఈ వెసులుబాటును గణితంలో అజాగ్రత్తకు సాకుగా వాడుకోవడం మాత్రం సరికాదు.

ముందు పడమర ఎక్కడున్నదో తెలియాలి కదా! సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించేది ఏడాదిలో రెండు విషువద్దినాలలోనే. అందుచేత పూర్వులు సూర్యుని వదలి నీడను పట్టుకున్నారు. చదునైన నేలమీద వృత్తం గీసి, కేంద్రంలో శంకువును నిలబెట్టి, ఉదయం నీడ కొన వృత్తంలోనికి ప్రవేశించిన చోట ఒకటి, మధ్యాహ్నం దాటాక వెలుపలికి పోయిన చోట ఒకటి గుర్తు పెడతారు. గుర్తులను కలిపితే తూర్పుపడమరల రేఖ. దానిని లంబంగా సగం చేసే రేఖ ఉత్తరదక్షిణం. కాత్యాయన శుల్బసూత్రంలో ఈ పద్ధతి ఉన్నది. రెండు చాపాలు ఖండించుకొన్నప్పుడు ఏర్పడే ఆకారాన్ని సూర్యసిద్ధాంతం "తిమి", అనగా చేప, అన్నది. అరబ్బీ గ్రంథకర్తలు దీనిని స్వీకరించి, దాచకుండా "అల్-దాయిరతుల్ హిందియ్యా", భారతీయ వృత్తము, అని పేరు పెట్టారు. చగ్మీనీ ఖగోళ గ్రంథంలో ఇది ఉన్నది. దానిపై ఖాజీజాదా రూమీ 1412లో వ్రాసిన వ్యాఖ్య మన మదరసాల దర్సె నిజామీలో పాఠ్యగ్రంథమై, ఆ పేరుతోనే ఈ పద్ధతిని తిరిగి హిందూదేశానికి చేర్చింది.

ఇప్పుడు దీనిని నేటి విద్యార్థి భాషలో చూద్దాం. శంకువు పాదమే మూలబిందువు. ఆవరణ గోడలే అక్షాలు. అడ్డుకొలత "అ", నిలువుకొలత "ని". వృత్తవ్యాసార్ధం 10 అంగుళాలు. ఉదయపు గుర్తు (−8, 6) వద్ద, సాయంకాలపు గుర్తు (10, 0) వద్ద పడ్డాయనుకొందాం. లంబ సమద్విఖండన రేఖపై ఏ బిందువైనా రెండు గుర్తులకు సమదూరంలో ఉంటుంది. కనుక

(అ + 8)² + (ని − 6)² = (అ − 10)² + ని²

విస్తరిస్తే వర్గపదాలు రెండుపక్కలా కొట్టుకుపోతాయి. 36అ − 12ని = 0, అనగా ని = 3అ. స్థిరపదం మిగలకపోవడం యాదృచ్ఛికం కాదు. గుర్తులు రెండూ ఒకే వృత్తంమీదివి కనుక వాటి మూలదూరాల వర్గాలు సమానమై రద్దవుతాయి, రేఖ శంకువు పాదం గుండా పోయి తీరుతుంది. పోకపోతే గుర్తు పెట్టడంలో పొరపాటున్నట్లే. ఇక ఆ ఆవరణ గోడ ఉత్తరానికి 18 డిగ్రీలకు పైగా ప్రక్కకు తిరిగి ఉన్నదనీ ఈ సమీకరణమే చెబుతున్నది.

ఈ సమీకరణాన్ని కూడా మన పూర్వులకే అంటగట్టే ఉత్సాహం కొందరిలో కనిపిస్తుంది. ఉమర్ ఖయ్యామ్ (1048-1131) ఘన సమీకరణాలను శాంకవాల ఖండనంతో సాధించాడు. అది మహత్తర కృషియే. కాని ఒక రేఖను రెండు చరరాశుల సమీకరణంగా వ్రాయడం 17వ శతాబ్దిలో ఫెర్మా, డెకార్ట్‌ల పని. డెకార్ట్ గ్రంథం 1637లో వెలువడింది. గజ్నీ పట్టణపు ఖిబ్లాను నిర్ణయించి 1025లో గ్రంథం ముగించిన అల్-బిరూనీ ఇటువంటి అరువు గొప్పను ఒప్పుకొనేవాడు కాడు.

పరిభాష సంగతి ఒక్క మాట. ఉర్దూలో ఈ రేఖ "అమూదీ నాసిఫ్", రెండే పదాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా గణితాన్ని ఉర్దూలో నిలబెట్టింది. తెలుగులోనో, మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన ఏనాడో పద్యాలలోకి తెచ్చాడు. అంతటి దారి ఉండగా "లంబ సమద్విఖండన రేఖ" అని పిల్లల నోరు తిరగని సమాసం ఎందుకో! "నడిమి నిట్టగీత" అంటే ఏమి లోటు?

ప్రయోగం చేయదలచినవారు డిసెంబరు 22 ప్రాంతాన్ని ఎన్నుకోవడం మేలు. ఆ రోజులలో సూర్యుని క్రాంతి దాదాపు మారదు కనుక ఉదయం, సాయంకాలం నీడలకు తేడా రాదు. జూన్ 21 కూడా అంతే మంచిది గాని, అప్పటికి మబ్బులు పట్టి ఉంటాయి.