బిల్లు పాసయ్యే ముందు ఎవరు చదివిండ్రు? ఖేడ్ తండాల వైపు నుంచి ఒక చరిత్ర



పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. పోటీ పరీక్షలకు చదివేటోళ్లకు పాలిటీలో పనికొస్తది, చదవనోళ్లకు ఊళ్లో పనికొస్తది.

2017 ఏప్రిల్ 16, ఆదివారం. ఈ తారీఖు మనలో చాలామందికి యాది ఉంటది. ఆ రోజు తెలంగాణ శాసనసభ ప్రత్యేకంగా కూర్చుని ఎస్టీ రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతానికి పెంచే బిల్లును పాస్ చేసింది. అదే రోజు అదే సభ ఇంకో బిల్లు కూడా పాస్ చేసిందని మాత్రం ఎక్కువ మందికి తెల్వదు. అది రాష్ట్ర జీఎస్టీ బిల్లు. రిజర్వేషన్ బిల్లు ఢిల్లీకి పోయి అక్కడే ఆగింది. చివరికి 10 శాతం మన చేతికి వచ్చింది 2022 సెప్టెంబర్ 30 నాటి జీవో 33తోనే. పన్ను బిల్లు ఎక్కడా ఆగలేదు. 2017 జూలై 1 నుంచి మనం కొనే సబ్బు మీద, చెప్పుల మీద, ఎరువు బస్తా మీద అమలైంది.

ఇంత పెద్ద బిల్లులు రెండూ ఒక్కరోజు సమావేశంలోనే గడప దాటినయి. ఎమ్మెల్యేలు నాలుగు రోజులు ఒక గదిలో కూర్చుని, అధికారులను పిలిచి, "ఈ లైన్ ఎందుకు, దీనివల్ల ఎవరికి ఎంత భారం" అని అడిగే పని జరగలేదు. ఆ పని చేసే చిన్న గదినే కమిటీ అంటరు. మన పైసల చరిత్రను ఈ గది వైపు నుంచి చూస్తే చాలా విషయాలు తేటగా అర్థమైతయి.

ముందు పద్ధతి ఏందో చూద్దాం

రాజ్యాంగంలో ఆర్టికల్ 199 ద్రవ్య బిల్లు అంటే ఏందో చెప్తది. పన్ను వేసుడు, తీసేసుడు, సర్కారు ఖజానా నుంచి పైసలు తీసుడు, ఇవన్నీ అందులోకి వస్తయి. గవర్నర్ సిఫారసు లేకుండా అలాంటి బిల్లు పెట్టరాదు. శాసనమండలి దాన్ని 14 రోజులకు మించి ఆపలేదు. బడ్జెట్ వచ్చినంక శాఖలవారీగా పద్దులు సభ ముందుకు వస్తయి, వాటి మీద ఓటింగు అయితది, ఆ తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు. టైం సరిపోక మిగిలిపోయిన పద్దులన్నీ ఆఖరి రోజు ఒకేసారి ఓటుకు పెడతరు. దీన్ని 'గిలటిన్' అంటరు. గిరిజన సంక్షేమ పద్దు అందులో పడిందంటే ఒక్క ప్రశ్న కూడా లేకుండనే పాసయిపోతది.

పార్లమెంటులో 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు ఉన్నయి. పద్దులు ఓటుకు రాకముందే అవి చదివి రిపోర్టు ఇస్తయి. కేరళ శాసనసభలో 1980 నుంచే సబ్జెక్ట్ కమిటీలు ఈ పని చేస్తున్నయి. మన దగ్గర ఇది అలవాటు కాలేదు. ఎందుకు కాలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలె.

1958: బీదర్ నుంచి వచ్చిన తాలూకా, కొత్త కమిటీ

మన నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో జహీరాబాద్, న్యాల్‌కల్ భాగాలతో పాటు మెదక్ జిల్లాలో కలిసి తెలంగాణ వైపు వచ్చింది. అందుకే ఈ రోజుకీ మన చుట్టాలు సగం మంది బీదర్ వైపు ఉంటరు. అక్కడ లంబాణీలు ఎస్సీ జాబితాలో ఉన్నరు, మహారాష్ట్రకు పోతే విముక్త జాతుల్లో ఉన్నరు, ఇక్కడ మనం ఎస్టీ. గీత ఎక్కడ గీస్తే హక్కు అక్కడికి మారింది.

1956 ఫిబ్రవరి 20న జరిగిన పెద్దమనుషుల ఒప్పందంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. ఉమ్మడి పాలన ఖర్చును రెండు ప్రాంతాలు వాటా ప్రకారం భరించాలె, తెలంగాణ ఆదాయంలో మిగిలింది తెలంగాణ అభివృద్ధికే పెట్టాలె. దీనికి కాపలాగా 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణ ప్రాంతీయ సంఘం ఏర్పడింది. తెలంగాణ ఎమ్మెల్యేలే అందులో సభ్యులు. ప్రాథమిక విద్య, ప్రజారోగ్యం, వ్యవసాయం, సహకార సంఘాలు, స్థానిక పాలన వంటి విషయాల మీద బిల్లు వస్తే ముందు ఈ సంఘం చూడాలె. సంఘానికీ సర్కారుకూ మాట కుదరకపోతే గవర్నర్ నిర్ణయమే ఆఖరు.

కానీ ఇక్కడే ఒక మెలిక పెట్టిండ్రు. సంఘం ముందుకు రావాల్సినవి ద్రవ్య బిల్లులు కాని బిల్లులు మాత్రమే. అంటే ఏ పైసల కాపలా కోసం కమిటీ పుట్టిందో, ఆ పైసల బిల్లులే దాని గడప తొక్కవు. సలహా ఇయ్యొచ్చు, తాళం చెవి మాత్రం చేతిలో లేదు.

ఫలితం 1969లో బయటపడ్డది. తెలంగాణ మిగులు నిధులు ఎటు పోయినయి అని విద్యార్థులు రోడ్డెక్కిండ్రు. లెక్క తేల్చనీకి కుమార్ లలిత్‌ను పెట్టిండ్రు, ఆ తర్వాత జస్టిస్ వశిష్ట భార్గవ కమిటీని వేసిండ్రు. లలిత్ లెక్క 34.10 కోట్లు, భార్గవ లెక్క 28.34 కోట్లు. ఎంత అన్న దాని మీద పేచీ ఉంది గానీ, తెలంగాణకు పెట్టాల్సిన పైసలు పెట్టలేదన్నది రెండు లెక్కల్లోనూ ఉంది. ఖర్చు కాకముందే అడగాల్సిన ప్రశ్న పుష్కర కాలం తర్వాత తుపాకుల మధ్య అడగాల్సి వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చినంక ఆ ప్రాంతీయ సంఘం కూడా రద్దయింది.

1974 నుంచి: పద్దు పుట్టింది, పైసలు రాలేదు

ఐదో పంచవర్ష ప్రణాళికలో, 1974-75 నుంచి గిరిజన ఉప ప్రణాళిక మొదలైంది. జనాభాలో ఎంత వాటా ఉంటే ప్రణాళిక పైసల్లో అంత వాటా గిరిజనులకు, ఇదీ సూత్రం. అప్పటికి తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోనే లేరు. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో జాబితాలోకి వచ్చినం. పైగా నారాయణఖేడ్ షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఏజెన్సీలో ఐటీడీఏ ఉంటది, ప్రాజెక్టు ఆఫీసర్ ఉంటడు. మైదానంలో చెల్లాచెదురుగా ఉన్న తండాలకు అలాంటి ఆఫీసు ఉండదు. మన వాటా లెక్క కాయితంలో ఉన్నా, అడిగే చోటు లేకుండె.

ఉప ప్రణాళిక దాదాపు నలభై ఏండ్లు చట్టం లేకుండా సర్కారు మార్గదర్శకాల మీదనే నడిచింది. పైసలు చూపెడతరు, ఏడాది చివర మురిగిపోతయి. లేకుంటే వేరే పనికి మళ్లిపోతయి. మళ్లించినోళ్లను అడగనీకి చట్టం లేదు.

2012: గది తలుపు బయటి నుంచి తెరిచిండ్రు

దీని మీద దళిత, గిరిజన సంఘాలు, మేధావులు, రిటైర్డ్ అధికారులు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు, పాత్రికేయుడు మల్లేపల్లి లక్ష్మయ్య లాంటివాళ్లు ఏ శాఖ ఎంత మళ్లించిందో లెక్కలు తీసి జనం ముందు పెట్టిండ్రు. ఒత్తిడి పెరిగినంక కిరణ్‌కుమార్ రెడ్డి సర్కారు మంత్రివర్గ ఉపసంఘం వేసింది. దాని అధ్యక్షుడు అప్పటి ఉప ముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహ. మన పక్కనే ఉన్న అందోల్ ఎమ్మెల్యే.

ఇది శాసనసభ కమిటీ కాదు, మంత్రుల కమిటీ. ఆ తేడా మర్చిపోవద్దు. అయినా బిల్లు సభకు రాకముందే ఒక చోట కూర్చుని దాని మీద మాట జరిగింది, బయటోళ్ల మాట కూడా లోపలికి పోయింది. 2012 నవంబర్ 30 నుంచి డిసెంబర్ 2 దాకా ప్రత్యేకంగా సభ పెట్టి బిల్లు పాస్ చేసిండ్రు. 2013లో 1వ నంబరు చట్టం అదే. మన వాటాకు మొదటిసారి చట్టం రక్షణ దొరికింది. అదే ఏడాది చివర్ల కర్ణాటక కూడా ఇలాంటి చట్టం చేసుకుంది. బీదర్ వైపు ఉన్న మన చుట్టాలకు కూడా అది పనికొచ్చింది.

చట్టంలో సందులు కూడా ఉన్నయి. అందరికీ పనికొచ్చే, విడదీయలేని పని అయితే దాని ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీ, ఎస్టీల లెక్కలో రాసుకోవచ్చు. ఉదాహరణకు వంద రూపాయలతో పెద్ద రోడ్డు వేసిండ్రనుకోండి. అది మన తండా నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నా, అందులో కొన్ని రూపాయలు మనకే ఖర్చు పెట్టినట్టు పుస్తకంలో ఉండొచ్చు. ఇంకో సందు, ఖర్చు కాని పైసలు వచ్చే ఏడాదికి మన పేరు మీదనే వస్తయన్న గ్యారంటీ లేదు.

2017: మురిగిపోయే పైసలకు అడ్డుకట్ట

2017-18 నుంచి బడ్జెట్‌లో ప్రణాళిక, ప్రణాళికేతర అనే తేడా తీసేసిండ్రు. ప్రణాళికే లేకపోతే ఉప ప్రణాళిక ఎక్కడిది? పాత చట్టం గాల్లో వేలాడే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఎస్సీ, ఎస్టీ ప్రజాప్రతినిధులతో కమిటీలు వేసిండ్రు. వాటిలో మాట్లాడుకున్నంకనే 2017 మార్చిలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. రాష్ట్ర జనాభాలో ఎస్టీలం 9 శాతానికి పైనే ఉన్నం, ఆ దామాషాలో నిధి ఉండాలె. అన్నిటికంటే ముఖ్యమైంది, ఖర్చు కాని దాన్ని తర్వాతి ఏడాది కలపాలన్న నిబంధన ఇందులోకి వచ్చింది.

ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మార్చిలో వచ్చిన నిధి చట్టం మీద మనోళ్లు ముందే కూర్చుని మాట్లాడిండ్రు, పాత చట్టంలోని ఒక సందు మూసుకుంది. ఏప్రిల్‌లో వచ్చిన పన్ను బిల్లు మీద అలాంటి కూర్చునుడు లేదు. నెల రోజుల తేడాతో ఒకటే సభ చేసిన పని ఇది.

ఖేడ్ ఎమ్మెల్యే కూర్చున్న కుర్చీ

శాసనసభలో పైసలను చూసే పాత కమిటీ ఒకటి ఉంది, ప్రజా పద్దుల సంఘం. పీఏసీ అంటరు. ఇంగ్లండ్‌లో 1861లో మొదలైంది, మన దేశానికి 1921లో వచ్చింది. పార్లమెంటులో 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడికి చైర్మన్ పదవి ఇచ్చే ఆనవాయితీ ఉంది. రాష్ట్రాలు కూడా చాలావరకు అదే పాటిస్తయి.

తెలంగాణ తొలి శాసనసభలో ఆ కుర్చీలో కూర్చున్నది మన నారాయణఖేడ్ ఎమ్మెల్యే పట్లోళ్ల కిష్టారెడ్డి. 2015 ఆగస్టు 25న ఆయన గుండెపోటుతో చనిపోయిండు. ఖేడ్‌లో 2016 ఫిబ్రవరిలో ఉప ఎన్నిక జరిగింది అందుకే. కొంత కాలానికి పక్క నియోజకవర్గం జహీరాబాద్ ఎమ్మెల్యే గీతారెడ్డి కూడా పీఏసీ చైర్‌పర్సన్ అయింది. రాష్ట్రం మొత్తం లెక్కలు అడిగే కుర్చీ రెండుసార్లు మన వైపే వచ్చిందన్నమాట.

మరి పీఏసీ ఏం చేస్తది? కాగ్ రిపోర్టు పట్టుకుని శాఖ అధికారులను పిలిచి అడుగుతది. సిఫారసులు రాస్తది. మంచి పనే. కానీ అప్పటికే పైసలు ఖర్చయి ఉంటయి, ఒక్కోసారి ఏండ్లు గడిచి ఉంటయి. హాస్టల్ కట్టని బడ్జెట్ గురించి పీఏసీ అడిగే రోజుకు, ఆ హాస్టల్‌లో ఉండాల్సిన పిల్లగాడు చదువు మానేసి పనికి పోయి ఉంటడు.

అందుకే మేము చెప్పేది ఒక్కటే. ఖర్చయినంక అడిగే గది ఉంది, అది ఉండాలె. ఖర్చు కాకముందు అడిగే గది కూడా కావాలె. 1958లో ఆ గది కట్టి పైసల బిల్లులకు తలుపు మూసిండ్రు. 2012లో, 2017లో జనం ఒత్తిడితో కొద్దిసేపు తెరుచుకుంది. తెరుచుకున్న రెండుసార్లూ మనకు మేలే జరిగింది.

మనం చేయగలిగింది

బడ్జెట్ పుస్తకాలతో పాటు ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధికి విడిగా ఒక పుస్తకం ఉంటది. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతది. మనలో బీకాం, ఎకనామిక్స్ చదివేటోళ్లు నలుగురు కూర్చుంటే రెండు రోజుల్లో చదవొచ్చు. ఏ శాఖ ఎంత చూపెట్టింది, పోయిన ఏడాది మిగిలింది కలిపిండ్రా లేదా, పెద్ద రోడ్లు, ప్రాజెక్టుల ఖర్చులో మన లెక్కలో రాసింది ఎంత, ఈ మూడు చూడండి.

తర్వాత, పద్దులు ఓటుకు వచ్చే ముందే ఎమ్మెల్యేకు రాతపూర్వకంగా ప్రశ్నలు ఇయ్యాలె. సభ అయిపోయినంక ఇచ్చే వినతిపత్రం ఫొటోకే పనికొస్తది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు పంచాయతీలయినయి, ఇంటి పన్ను వసూలు చేసేది ఇప్పుడు మనమే. మరి గ్రామసభలో లెక్క చెప్పమని సర్పంచ్‌ను అడిగే అలవాటు అక్కడి నుంచే మొదలుపెడదాం. సర్పంచ్ మనోడే అయినా అడగాలె.

గోండు, కోయ, చెంచు, లంబాడా, మన మధ్య వాదనలు ఎన్ని ఉన్నా ఆ పుస్తకం ఒక్కటే. వచ్చే బడ్జెట్‌కు దాన్ని కలిసి చదువుదామనుకునేటోళ్లు కామెంట్‌లో మీ ఊరు, మీరు చదివే కోర్సు రాయండి. శాఖలు పంచుకుందాం.