కార్ల ప్రదర్శనలో చూడవలసింది

నిరుడు మా వూళ్లో కార్ల ప్రదర్శన పెట్టారు. మా తరగతి కుర్రవాడొకడు వచ్చి, "చూడదగ్గదేనా మాస్టారూ?" అని అడిగాడు. "అది పెట్టుబడిదారుల తిరునాళ్ల. నీకక్కడేం పని?" అన్నాను. వాడు వెళ్లిపోయాడు. అంత తేలికగా జవాబు చెప్పినందుకు నాకే సిగ్గు వేసింది. యెందుకంటే మోటారు ప్రదర్శనలలో యేమి జరుగుతుందో బెర్లిన్ చరిత్ర చదివిన నాకు తెలియకపోలేదు.

1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. పన్నెండో రోజున, ఫిబ్రవరి 11న, బెర్లిన్ మోటారు ప్రదర్శనను తానే ప్రారంభించాడు. కార్లవాళ్లకు పన్ను తగ్గిస్తామన్నాడు, గొప్ప రోడ్లు వేయిస్తామన్నాడు. 1934 ప్రదర్శనలో మరొక మెట్టు యెక్కి, సామాన్యునికి అందే కారు రావాలన్నాడు. యీ రెండు ప్రదర్శనల నడుమ జరిగిన సంగతి వొకటుంది. 1933 మే 2న నాజీలు కార్మిక సంఘాల కార్యాలయాల మీద పడి, నాయకులను నిర్బంధించారు. సంఘాల ఆస్తి జర్మన్ లేబర్ ఫ్రంట్ చేతికి పోయింది. 1938లో ఫాలర్స్‌లేబెన్ దగ్గర "ప్రజల కారు" ఫ్యాక్టరీకి పునాది వేయించింది ఆ ఫ్రంటే. కార్మికుడు సమ్మె రోజుల కోసం దాచుకున్న చందా అక్కడ యిటుకా సున్నమూ అయింది.

1939 బెర్లిన్ ప్రదర్శనలో ఆ కారు జనం యెదుట నిలబడింది. ధర 990 మార్కులు. వారానికి 5 మార్కుల బిళ్ల కొని పొదుపు పుస్తకంలో అంటించాలి. లెక్క వేసుకుంటే 198 వారాలు, అంటే నాలుగేళ్లకు కొంచెం తక్కువ. వడ్డీ లేదు. మధ్యలో మానుకుంటే కట్టింది తిరిగి రాదు. అయినా సుమారు 3,36,000 మంది చేరారు. వీరిలో కార్మికులు బహు కొద్దిమంది; వారానికి 5 మార్కులు తీసి పక్కన పెట్టడం వారికి సాధ్యం కాలేదు. చేరినవారిలో హెచ్చుమంది మధ్యతరగతివారు, నెలజీతగాళ్లు, అంటే మనబోటివాళ్లే. బిళ్లలు అంటించిన వారిలో వొక్కరికీ ఆ పథకం కింద కారు రాలేదు. యుద్ధం వచ్చింది, ఫ్యాక్టరీ సైన్యానికి బండ్లు చేసింది, యుద్ధఖైదీల చేత, నిర్బంధ శిబిరాల వారి చేత వెట్టిచాకిరీ చేయించింది. యుద్ధానంతరం పొదుపుదారులు కోర్టుకెక్కారు. 1961లో రాజీ కుదిరింది: కొత్త కారు కొంటే 600 మార్కుల దాకా తగ్గింపు, లేదా చేతికి 100 మార్కులు.

వీళ్లంతా మోసపోయిన మూర్ఖులని తీసిపారేయడం సులువు. మన సభల్లో నేను యిలాటి మాటలు చాలాసార్లు విన్నాను, అన్నాను కూడా. కాని ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని వూరు దాటి పోవాలన్న కోరికలో అబద్ధమేమీ లేదు. అబద్ధం వున్నది పొదుపు పుస్తకంలో. ఆ కోరికను నాజీలు గుర్తుపట్టి సొమ్ము చేసుకున్నారు. దాన్ని చూసి ముఖం తిప్పుకున్నవాడికి ఆ పుస్తకంలోని షరతులు చదివి వినిపించే అవకాశం కూడా పోతుంది. ప్రదర్శనకు వెళ్లడం దండగ కాకూడదంటే రంగు దగ్గర ఆగిపోకూడదు. ధర యెంత, యెన్నేళ్లు కట్టాలి, కట్టలేకపోతే యేమవుతుంది, దీన్ని చేసిన చేతులు యెవరివి అని అడగాలి. బెర్లిన్‌లో 1939లో అలా అడగడానికి సంఘం మిగలలేదు. మనం అడిగితే జైల్లో పెట్టరు, మహా అయితే నవ్వుతారు.

మా కుర్రవాడు నా మాట వినలేదు. లారీ షెడ్డులో మెకానిక్కుగా వున్న తండ్రిని వెంటబెట్టుకొని వెళ్లాడు. మరునాడు చెప్పాడు: "నాన్న కారు ముందువైపు చూడనే లేదు మాస్టారూ. నేల మీద బోర్లా పడుకొని అడుగుభాగం చూశాడు. కంపెనీ కుర్రాళ్లు లేవమన్నారు. లేచి చేతులు దులుపుకొని, 'రిపేరు చేసేవాడొకడు వుంటాడని దీన్ని చేసినవాడికి తోచలేదురా' అన్నాడు."

మళ్లీ ప్రదర్శన పెడితే నన్నూ తీసుకుపొమ్మన్నాను. టిక్కెట్టు డబ్బు మీరే పెట్టుకోవాలన్నాడు.