పడమటి గాలి పరుగు

మన పెద్దలు రైలును పొగబండి అన్నారు. బొగ్గు, నీరు, నిప్పు లేనిదే బండి కదలదని లోకమంతా నమ్మిన రోజులవి. ఆ నమ్మకాన్ని అమెరికాలో ఒక్క పగటి ప్రయాణము కదిలించినది.

1930 తరువాత అమెరికా రైల్వేలకు గడ్డుకాలము దాపురించినది. ఒకప్రక్క ఆర్థిక మాంద్యము, మరొకప్రక్క మోటారు కార్లు. ప్రయాణికులు తగ్గిపోయినారు. వారిని మరల రప్పించుటకై బర్లింగ్టన్ రైల్వే అధ్యక్షుడు రాల్ఫ్ బడ్ ఒక కొత్త బండి చేయించినాడు. త్రుప్పు పట్టని ఉక్కుతో మూడు పెట్టెలు. 600 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. పేరు జెఫిర్, అది గ్రీకు పురాణాలలో పడమటి గాలి దేవత పేరు.

1934 మే 26న డెన్వర్‌లో వేకువనే బయలుదేరి, 1,015 మైళ్ళు ఎక్కడా ఆగక, 13 గంటల 5 నిమిషాలలో ఆ బండి చికాగో చేరినది. ఆవిరి ఇంజనుకు ఇది సాధ్యము కాదు. నీటి కోసము, బొగ్గు కోసము అది దారిలో ఆగవలసినదే. డీజిల్ ఇంజనులో నూనె మండి జనరేటరును త్రిప్పుతుంది. ఆ విద్యుత్తుతో ఇరుసులకు అమర్చిన మోటార్లు చక్రాలను నడుపుతాయి.

1939లో జనరల్ మోటార్సు వారి 5,400 హార్స్‌పవర్ ఇంజను 20 రైల్వేలపై గూడ్సు బండ్లను లాగి చూపినది. 1960 నాటికి అక్కడి ప్రధాన మార్గాలలో ఆవిరి ఇంజన్లు దాదాపు కనుమరుగైనవి.

వాటితోపాటు బాయిలరు పనివారి కొలువులూ పోయినవి. డీజిలుపై కూడా ఫైర్‌మన్ ఉండవలెనని 1937లో కార్మిక సంఘాలు ఒప్పందము సాధించినవి. కాని 1963లో అమెరికా శాసనసభ ఆ తగాదాను మధ్యవర్తులకు అప్పగించగా, గూడ్సు, యార్డు ఇంజన్లలో చాలవరకు ఫైర్‌మన్ అక్కరలేదని తీర్పు వచ్చినది.

ఇంత జరిగినా ప్రయాణికులు నిలిచినారా? లేదు. అద్దాల గోపురాలతో 1949లో బయలుదేరిన కాలిఫోర్నియా జెఫిర్ 1970లో ఆగిపోయినది. రహదారులు, విమానాలు జనాన్ని తీసుకొనిపోయినవి. 1971 మే 1న మిగిలిన దూరప్రయాణపు బండ్లలో చాలవాటిని ఆమ్‌ట్రాక్ సంస్థకు అప్పగించినారు. ప్రయాణికుల బండిని కాపాడ వచ్చిన డీజిలు చివరకు గూడ్సు బండినే కాపాడినది.

ఆ ఇంజన్ల వంశములో ఒక శాఖ మన దేశానికీ వచ్చినది. షెనెక్టడీలోని ఆల్కో కంపెనీ 2,600 హార్స్‌పవర్ ఇంజన్లను 1962లో మనకు పంపినది. 1964 నుండి వారణాసిలో అవే తయారైనవి. 1969లో షెనెక్టడీ కర్మాగారము మూతపడినది. పుట్టినింట దీపము కొండెక్కినా మెట్టినింట సంతానము వర్ధిల్లినట్లు, గుత్తి, కాజీపేట షెడ్ల నుండి ఆ ఇంజన్లు దశాబ్దాలపాటు మనవారిని ఊరికి చేర్చినవి.

మొదటి జెఫిర్ బండిని 1960లో చికాగో విజ్ఞాన, పరిశ్రమల ప్రదర్శనశాలకు ఇచ్చినారు. మన పిల్లలెందరో ఆ దేశములో ఉన్నారు. చికాగో వెళ్ళినవారు దానిని తప్పక చూచి రావలెను.