విడతలవారీ సాఫ్ట్‌వేర్: తూర్పు కనుమల భాషలకు అందిన సాధనాలు

అరకు లోయ నుంచి సీతంపేట కొండల దాకా మాట్లాడే కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా భాషలను కంప్యూటర్‌లో రాసే సాధనాలు ఒక్కసారిగా రాలేదు. తయారైన మేరకు జనం చేతికి వస్తూ, ఆ వాడకంలోనే పెరిగాయి. సాఫ్ట్‌వేర్ రంగం ఈ పద్ధతిని ‘ఎజైల్’ అంటుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది నిపుణులు ప్రకటించిన ఎజైల్ సూత్రాల్లో మొదటిది, పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌ను త్వరగా, ఎడతెగకుండా అందించడం.

ఈ భాషలు శతాబ్దాలపాటు నోటి మాటగానే సాగాయి. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి (1863–1940) సవర నేర్చుకుని, ముందు పిల్లలకు వాచకాలు రాసి బడులు నడిపారు. వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఈ మధ్యలోనే, 1936లో, మాంగేయి గొమాంగో సవరకు సొర సోంపెంగ్ లిపిని రూపొందించారు.

తరువాత ఈ భాషల వాచకాలకు ఆధారమైన తెలుగు లిపికి, ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణపు తొలి వెర్షన్‌లోనే, 1991లో, చోటు దొరికింది. అయినా అప్పట్లో ఏ పత్రిక ఫాంటు ఆ పత్రికదే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పేజీ అంతా పిచ్చిగీతలే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో రాసే కట్టుబాటును ఇచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జున, పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను తయారుచేసి, దాని కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచారు. ఆ కోడ్ ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ వెబ్ పేజీని తెచ్చారు. పై పెట్టెలో ఆర్‌టీఎస్‌లో కొడితే కింది పెట్టెలో తెలుగు కనిపిస్తుంది. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. చేసేది ఒక్క పనే అయినా, వేలమందిని తెలుగులో రాయించిన గొప్ప సాధనమది. నెట్ సెంటర్‌లో కూర్చున్నవారు కూడా ఆ రోజునుంచే తెలుగులో రాయగలిగారు.

ఈ పనివల్ల కొండభాషలకూ మేలు జరిగింది. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో మాతృభాషా బోధన ప్రారంభించి, వాచకాలకు తెలుగు లిపినే ఎంచుకుంది. అందువల్ల తెలుగు కోసం తయారైన ఫాంట్లు, కీబోర్డులు ఈ ఎనిమిది భాషలకూ పనికొచ్చాయి.

యూనికోడ్ కూడా విడతలుగానే పెరిగింది. 2008లో 5.1 వెర్షన్‌లో తెలుగు అక్షరాలు ౘ, ౙ చేరాయి. 2012లో 6.1 వెర్షన్ సొర సోంపెంగ్‌కు 35 సంకేతాలు కేటాయించింది. అందులో పది అంకెలు. గూగుల్ నోటో ఫాంట్ల వరుసలో ఈ లిపికి ఫాంటు ఆ తరువాత వచ్చింది. గోండి లిపుల్లో మసరాం 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామం పేరుతో ఉన్న లిపి 2018లో చేరాయి. తెలుగులో లేని ధ్వనులను సూచించడానికి అక్షరం కింద పెట్టే నుక్తా 2021లో 14వ వెర్షన్‌తో తెలుగు లిపిలోకి వచ్చింది.